యాంటీ సీసీపీ ఎక్కువ, సీఆర్‌పీ మామూలే: ఈ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి?

అమ్మకు రెండు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. సీసా మూత తిప్పాలన్నా నన్ను పిలుస్తోంది. గంట దాటితే గానీ పిడికిలి పూర్తిగా మూయలేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అనుమానంతో చేయించిన రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఆ జబ్బులో తరచూ కనిపించే యాంటీబాడీ) నెగెటివ్. అదే జబ్బును సూచించే మరో యాంటీబాడీ, యాంటీ సీసీపీ మాత్రం మామూలు గరిష్ఠ పరిమితికి నాలుగు రెట్లు! ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉందా అని చూపే రెండు పరీక్షల్లో సీఆర్‌పీ మామూలే, ఈఎస్‌ఆర్ మాత్రం ఎక్కువగా 48.

నేను చదివినంతవరకు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ హెపటైటిస్ సి ఉన్నవారిలోనూ, వయసు మళ్లిన ఆరోగ్యవంతుల్లోనూ కనిపించవచ్చు. యాంటీ సీసీపీ అలా ఊరికే రాదట. ఒక్కోసారి నొప్పులు మొదలవడానికి ఏళ్ల ముందే రక్తంలో ఉంటుందట. 2010 నాటి రుమటాయిడ్ ఆర్థరైటిస్ వర్గీకరణ ప్రమాణాల్లో అది పరిమితికి మూడు రెట్లు దాటితే ఎక్కువ పాయింట్లు ఇస్తారు. ఈఎస్‌ఆర్ అంటారా, రక్తహీనతలోనూ పెరుగుతుంది. అమ్మకు అదీ ఉంది కాబట్టి ఆ అంకెను నేను పెద్దగా పట్టించుకోవడం లేదు.

కీళ్లవాత నిపుణుల అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. సీఆర్‌పీ మామూలుగా ఉన్నా లోపల కీళ్లు దెబ్బతిన్న అనుభవం మీలో ఎవరికైనా ఉందా? అల్ట్రాసౌండ్ తీయించమన్నారా? చికిత్స మొదలయ్యాక యాంటీ సీసీపీ మళ్లీ చేయించారా, లేక సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్‌లనే చూస్తూ పోయారా? మందుల పేర్లు మాత్రం చెప్పకండి, అది డాక్టరు గారి పని.