అప్‌డేట్: పేరు నమోదు చేసుకుని సభకు రానివారి గురించి

గుంటూరు బ్రాడీపేటలో మేం జరిపే ఉచిత సాహిత్య సభలకు పేరు నమోదు చేసుకున్నవారిలో సగం మంది రావడం లేదని, ఏం చేయాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత హాజరు పట్టీలను పంచాంగం పక్కన పెట్టి చూశాం. కుర్చీలు ఖాళీగా మిగిలినవి ఎక్కువగా మాఘ, శ్రావణ మాసాల్లో పెళ్లి ముహూర్తాలున్న ఆదివారాలే! ముహూర్తాలు లేని ఆషాఢంలో వాన పడుతున్నా సభ నిండింది. ఇకపై తేదీ ఖరారు చేసేముందు పంచాంగం చూస్తాం.

రుసుము పెట్టలేదు. డబ్బు కట్టినవారు తప్పకుండా వస్తారేమో గానీ విద్యార్థులు దూరమవుతారు, అది నాకు ఇష్టం లేదు. ముందురోజు సాయంత్రం ఫోను చేస్తున్నాం. రాలేమని తమంతట తాము చెప్పడానికి మొహమాటపడేవారు అడిగితే చెప్పేస్తున్నారు. తెనాలి నుంచి వచ్చే ఒక పెద్దాయన తనకు మోకాళ్ల నొప్పులని చెప్పి, బదులుగా మనవరాలిని పంపారు. ఆ అమ్మాయి ముందు వరసలో కూర్చుని ప్రశ్నలు కూడా అడిగింది. పులిహోర మిగలడం బాగా తగ్గింది.