ఫీజు రాయితీకి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతున్నారు, ఇవ్వాలా?

పటమట అమ్మ:
నమస్కారమండీ. మా అబ్బాయి ఆరో తరగతి. ఈ ఏడు మా వారికి పని తగ్గింది, ఫీజులో రాయితీకి దరఖాస్తు పెట్టుకున్నాం. ముగ్గురి ఆధార్ కార్డులు, మా వారి ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం), ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ఫొటోలు తీసి క్లాసు టీచరుకు వాట్సాప్‌లో పంపమన్నారు. రాత్రి స్టేట్‌మెంట్ చూసుకుంటే గుండె జారిపోయింది. మా అమ్మకు నెలనెలా పంపే మూడు వేలు, చీటీ వాయిదా, గొలుసు తాకట్టు పెట్టిన రోజు పడిన డబ్బు, మా వారు వెళ్ళే ఆసుపత్రి పేరు నాలుగు చోట్ల. మా ఆదాయం తెలుసుకోవడానికి ఇవన్నీ బడికి తెలియాలా? కాదంటే రాయితీ పోతుందేమోనని భయంగా ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

బ్రాడీపేట నాన్న:
ముందు ఫారం 16 సంగతి చెబుతానండీ, చాలామంది గమనించరు. అందులో ఉండేది జీతం ఒక్కటే కాదు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి పార్ట్ బీలో మినహాయింపులన్నీ సెక్షన్ల వారీగా వస్తాయి. 80డీడీబీ అంటే పెద్ద జబ్బుకు వైద్యం, 80యు అంటే ఆ మనిషికే వైకల్యం ఉన్నట్టు. తెలిసినవాళ్ళు చూస్తే ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం ఆ ఒక్క పుటలో చదివేస్తారు.

రెండేళ్ళ క్రితం గుంటూరులో మా అమ్మాయి బడివాళ్ళూ ఇదే అడిగారు. ఆఫీసుకు వెళ్ళి "మీకు కావలసింది ఇందులో ఏ అంకె?" అని అడిగాను. ఏడాది మొత్తం ఆదాయం అన్నారు. అయితే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం తెస్తానన్నాను. సచివాలయంలో దరఖాస్తు పెట్టి తెచ్చాను, దానితోనే పని అయిపోయింది. ఫారం 16 ఇంటి గడప దాటలేదు. ఆదాయపు పన్ను రిటర్ను వేసేవాళ్ళు కూడా మొత్తం రిటర్ను ఇవ్వనక్కరలేదు. ఆదాయం చూపించడానికి ఒక పుట రసీదు చాలు, అందులో పాన్ నంబరు కప్పి ఇవ్వండి.

పాత గుమస్తా, విజయవాడ:
అమ్మా, నేను ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. ఆ స్టేట్‌మెంట్లు మాలో ఎవరూ పూర్తిగా చదివేవారు కాదు. పాత జాబితాలో ఉంది కనుక అడిగేవాళ్ళం, అంతే. కానీ తీసుకున్న కాగితం ఎక్కడికి పోతుందన్నదే అసలు బాధ. తాళం లేని బీరువాలో కట్టలుగా పడి ఉండేవి. వేసవిలో గది సర్దేటప్పుడు పాత కాగితాలవాడికి తూకానికి వెళ్ళేవి. ఒక ఏడాది చూసి ఉండలేక, కట్టలు విప్పి సంతకాలు, ఖాతా నంబర్లు ఉన్న పుటలన్నీ నేనే చింపాను. రెండు రోజులు పట్టింది. ఒక తండ్రి దరఖాస్తుకు పాస్‌బుక్కులోని అన్ని పుటలూ జతచేశాడు, కూలి డబ్బు పడిన ప్రతి వారమూ అందులో ఉంది.

అందుకే ఏ నకలు ఇచ్చినా దాని మీద అడ్డంగా, అక్షరాల మీదుగా, "ఫలానా బడిలో ఫీజు రాయితీ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి. ఆధార్ విషయానికి వస్తే, బడిలో చేర్చుకోవడానికి దాన్ని తప్పనిసరి చేయకూడదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ పథకాల సంగతి వేరు. తల్లికి వందనం డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే పడుతుంది కాబట్టి అక్కడ నంబరు అవసరమే. అయినా అసలు కార్డు చూపించి, వాళ్ళు నంబరు ఎక్కించుకున్నాక వెనక్కి తీసుకోవచ్చు.

సత్యనారాయణపురం వాసి:
నకళ్ళు తీయించేవాళ్ళు జిరాక్స్ షాపు దగ్గర జాగ్రత్త. మొన్న మా వీధి చివరి షాపులో నా ఫైలు వెతకమంటే అబ్బాయి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిచాడు. ఎవరెవరివో ఆధార్‌లు, మార్కుల జాబితాలు, పాస్‌బుక్కు పుటలు వరసగా కనిపించాయి. నాది ప్రింటు కాగానే చెరిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. విసుక్కోకుండా చేశాడు.

ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డు ఉందిగా అని నమ్మకండి. అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ బడి దరఖాస్తులోనే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడే మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

నల్ల మార్కరుతో కొట్టేసిన కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, అంకెలు చదవవచ్చు. కొట్టేసిన దాన్ని మళ్ళీ జిరాక్స్ తీయించి ఆ రెండో నకలు ఇవ్వాలి. ఫోనులో పల్చటి రంగు పెన్నుతో గీసినా ఇంతే, వెలుగు పెంచితే లోపలివి బయటపడవచ్చు.

అరండల్‌పేట అక్క:
మాకు నష్టం తృటిలో తప్పింది. పోయిన ఏడు పాప పాస్‌బుక్కు పుట క్లాసు గ్రూపులో పెట్టాను, అందరూ పెట్టారు కదా అని. నెల తిరగకుండా ఒకడు ఫోను చేశాడు. పాప పేరు, తరగతి, ఖాతా చివరి అంకెలు సరిగ్గా చెప్పి, పథకం డబ్బు ఆగింది, ఓటీపీ చెబితే పడుతుందన్నాడు. అన్నీ సరిగ్గా చెబుతుంటే బడివాళ్ళే అనుకున్నాను. ఓటీపీ సందేశంలో మా వారు "డెబిట్" అన్న మాట చూసి ఫోను లాక్కున్నారు. వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పాం. ఎంఆధార్ యాప్‌లో ఇంట్లో అందరి వేలిముద్రలూ లాక్ చేసుకున్నాం. ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే మిషన్లు ఉన్నాయి కదా, ఆ దారి మూసుకుంటుంది. అవసరమైనప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

పటమట అమ్మ:
అందరికీ దండాలండీ. ఈ రోజు బడికి వెళ్ళి వచ్చాను. బ్రాడీపేట అన్నయ్య చెప్పిన మాటే అడిగాను, ఏ అంకె కావాలని. ఆఫీసులో అమ్మాయి హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగి వచ్చి ఆదాయ పత్రం చాలన్నది. వాట్సాప్‌లో వద్దు, కాగితమే తెస్తానంటే సరేనన్నారు. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి వచ్చాను.

ఒక్కటి మిగిలింది. పోయిన ఏడు ఆధార్ ఫొటోలు పాత టీచరుకు పంపాను, ఆవిడ ఇప్పుడు వేరే బడిలో ఉన్నారు. ఫోను చేసి తీసేయమని అడిగితే నొచ్చుకుంటారా?

పాత గుమస్తా, విజయవాడ:
నొచ్చుకోరమ్మా, అడగండి. ఫోను గ్యాలరీలోంచి కూడా తీసేయమని చెప్పండి. వాట్సాప్‌లో చెరిపినా ఒక్కోసారి అక్కడ ఉండిపోతుంది.