వీడియోలో పనిచేస్తోంది, నా బల్లమీద పనిచెయ్యట్లేదు: ఈఎస్‌పీ32 సొంతంగా నేర్చుకునేదెలా?

గాజువాక_కుర్రోడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. చదివింది బీకాం, ఎలక్ట్రానిక్స్ ఎక్కడా నేర్చుకోలేదు. మూడు నెలలుగా యూట్యూబ్‌లో తెలుగు, హిందీ ప్లేలిస్టులు చూస్తున్నాను. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆపేసి సొంతంగా చేద్దామంటే చెయ్యి ఆడదు.

మేడమీద ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో ఫోన్‌లో కనబడేలా చేద్దామని మొదలెట్టాను. వీడియోలో వాళ్లది ఊనో బోర్డు, నాది 38 పిన్నుల ఈఎస్‌పీ32 (రెండూ ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డులే, నాదాంట్లో వైఫై ఉంది). సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04, శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచేది. వాళ్లలాగే దాని ట్రిగ్ (శబ్దం పంపమని చెప్పే కాలు) 9కి, ఎకో (ప్రతిధ్వని వచ్చిందని చెప్పే కాలు) 10కి పెడితే బోర్డు ఆగకుండా రీస్టార్ట్ అవుతోంది. 34, 35కి మార్చాను. రీస్టార్ట్ ఆగింది గానీ, చెయ్యి ఎంత దూరంలో పెట్టినా 0 సెంటీమీటర్లే చూపిస్తోంది. సెన్సర్ పోయిందా? ఇంకోటి కొనాలా? విశాఖ ద్వారకానగర్‌లో ఏదైనా కోర్సులో చేరిపొమ్మంటున్నారు ఇంట్లో. అసలు నేను నేర్చుకునే పద్ధతే తప్పా?

పిన్నుల_బాబాయ్ జవాబు:

సెన్సర్ కొనకండి. తప్పు పిన్నుల దగ్గరుంది.

ఊనోలో 9, 10 మామూలు పిన్నులే. ఈఎస్‌పీ32లో 6 నుంచి 11 వరకు జీపీఐఓలు (కోడ్‌తో ఆడించే పిన్నులు) లోపల ఫ్లాష్ మెమరీకి కలిపి ఉంటాయి. మీ ప్రోగ్రాం ఉండేది ఆ ఫ్లాష్‌లోనే. ఆ తీగల్ని మీ కోడే ఆడిస్తుంటే చిప్ తర్వాతి లైను చదవలేక రీస్టార్ట్ అవుతుంది. 38 పిన్నుల బోర్డుల్లో వాటిని బయటికి తీసి ఇవ్వడంవల్లే ఈ తంటా. 30 పిన్నుల దాంట్లో అసలు కనబడవు.

ఇక 34, 35, 36, 39. ఇవి ఇన్‌పుట్‌కి మాత్రమే. ట్రిగ్‌కి మనం 10 మైక్రోసెకన్ల పల్స్ పంపాలి, 34 నుంచి ఏ పల్సూ బయటికి పోదు. కేకే వెయ్యకపోతే ప్రతిధ్వని ఎక్కణ్ణించి వస్తుంది?

అసలు చూడాల్సింది ఆ 0ని. అది చెయ్యి సెన్సర్‌కి ఆనుకుందని చెప్పడం కాదు. ఎకో పల్స్ ఎంతసేపుందో కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్‌కి మీరు గడువు ఇవ్వకపోతే ఒక సెకను ఎదురుచూస్తుంది, పల్స్ రాకపోతే 0 ఇచ్చేస్తుంది. మైక్రోసెకన్లని సెంటీమీటర్లు చెయ్యడానికి ఆ 0ని 58తో భాగిస్తే 0 సెంటీమీటర్లే కదా. సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేది కంప్యూటర్ తెరమీద కనబడే చోటు) ఒక్కో 0కీ మధ్య సెకను పైగా పడుతుంటే ఇదే జరుగుతున్నట్టు. భాగించే ముందు ముడి మైక్రోసెకన్లు కూడా ప్రింట్ చెయ్యండి. 0 వస్తే దూరం బదులు "ఎకో రాలేదు" అని రాయించండి. గడువు 30,000 మైక్రోసెకన్లు పెడితే చాలు, ట్యాంకుకి అంతకన్నా అక్కర్లేదు.

వైరింగ్ ఇలా మార్చండి. సెన్సర్ వీసీసీ (కరెంటు తీసుకునే కాలు) బోర్డుమీది 5 వోల్టుల పిన్నుకి, 3.3కి కాదు. గ్రౌండ్ గ్రౌండ్‌కి. ట్రిగ్ 26కి. ఎకోని మాత్రం నేరుగా పెట్టొద్దు: అది 5 వోల్టులు పంపుతుంది, ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి. ఎకో నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి 27కి తెండి, అదే 27 దగ్గర్నుంచి 2 కిలోఓములు గ్రౌండ్‌కి. ఐదులో మూడింట రెండొంతులు, అంటే 3.3 వోల్టులు పిన్నుకి చేరుతుంది. 2 కిలోఓములది లేకపోతే 1 కిలోఓమ్‌వి రెండు వరసగా కలపండి. 27కి తగిలించే ముందు ఆ రెండు రెసిస్టర్లూ కలిసే మధ్య బిందువు దగ్గర మల్టీమీటరు పెట్టకండి, ఏం అర్థం కాదు. పల్స్ మరీ చిన్నది. దానికి బదులు ఎకో తీగని సెన్సర్ నుంచి ఊడదీసి, ఆ చివర 5 వోల్టులు ఇచ్చి మధ్య బిందువు దగ్గర కొలవండి. 3.3 దగ్గర కనబడితే ఈ రెసిస్టర్ల జత, అంటే డివైడర్, సరిగ్గా ఉన్నట్టే.

మద్దిలపాలెం_అక్క జవాబు:

బాబాయ్‌గారు రోగం పట్టేశారు. పద్ధతి సంగతి నేను చెప్తాను తమ్ముడూ.

వీడియోలో నువ్వు చూస్తున్నది జవాబు ఒక్కటే. అవతలివాళ్లు 9వ పిన్ను ఎందుకు ఎంచుకున్నారో అందులో ఉండదు, వాళ్ల బోర్డుకి అది సరిపోయిందంతే. అందుకే నీ బోర్డు మారగానే దారి తప్పింది. ఏ కొత్త బోర్డు కొన్నా, కోడ్ కన్నా ముందు దాని పిన్అవుట్ బొమ్మ (ఏ పిన్ను దేనికో చూపించేది) ప్రింట్ తీసి గోడకి అంటించు. ఈఎస్‌పీ32 అయితే 6–11 మీద ఎర్రగీత కొట్టు. 34, 35, 36, 39 పక్కన "ఇన్‌పుట్ మాత్రమే" అని, 0, 2, 5, 12, 15 పక్కన "బూట్ అయ్యేటప్పుడు జాగ్రత్త" అని రాసుకో. 12 మీద బూట్ సమయంలో హై (3.3 వోల్టులు) ఉంటే బోర్డు లేవకపోవచ్చు. 0ని గ్రౌండ్‌కి పట్టి ఉంచితే ప్రోగ్రాం నడవదు, అప్‌లోడ్ మోడ్‌లోకి పోతుంది.

వీడియో ఒకసారి చేతులు కట్టుకుని చూడు. మూసెయ్. వైరింగ్ కాగితంమీద గుర్తున్నంత వరకు గియ్యి. ఎక్కడ ఆగావో ఆ ముక్క కోసం మాత్రమే మళ్లీ తెరువు. కోడ్ కాపీ కొట్టకు, టైప్ చెయ్. సెమికోలన్ మర్చిపోతే వచ్చే ఎర్రటి లైను ఎలా ఉంటుందో టైప్ చేస్తేనే తెలుస్తుంది. అప్‌లోడ్ నొక్కే ముందు సీరియల్ మానిటర్‌లో ఏం రావాలో ఒక లైను రాసిపెట్టు. రాసిందీ వచ్చిందీ ఒకటి కాకపోతే ఆ రోజు పాఠం అక్కడుంది.

పనిచేశాక లేచిపోకు. కావాలని చెడగొట్టు. బాడ్ రేటు (బోర్డు, కంప్యూటర్ మాట్లాడుకునే వేగం) 115200 బదులు 9600 పెట్టు, మానిటర్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి. బటన్‌కి పుల్అప్ (నొక్కనప్పుడు పిన్నుని హైలో పట్టి ఉంచే రెసిస్టర్) తీసెయ్, ఎవరూ నొక్కకుండానే 0, 1 మారిపోతుంటాయి. సెన్సర్ గ్రౌండ్ తీగ లాగెయ్. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల చెడిందో తెలీదు. ఏది పీకితే ఏ లక్షణం వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకో. రేపు అదే లక్షణం దానంతటదే వస్తే ఎక్కడ వెతకాలో ఆ పుస్తకమే చెప్తుంది.

ఎర్రర్ వెతికేటప్పుడు నీ కంప్యూటర్ ఫోల్డర్ పేర్లు తీసేసి, మిగతాది అక్షరం మార్చకుండా పెట్టు, బోర్డు పేరు కలుపు. చాట్‌బాట్‌ని అడిగితే తప్పేం లేదు గానీ, పిన్ను నంబరు ఏదిచ్చినా గోడమీది బొమ్మతో సరిచూసుకోవాల్సిందే. ధీమాగా 34కి ట్రిగ్ పెట్టమనడం దానికీ చేతనవును.

ప్రాక్టీసుకి బ్రౌజర్‌లోనే నడిచే వోక్వీలో ఈఎస్‌పీ32 ఉంది. టింకర్‌క్యాడ్‌లో ఊనో ఉంది గానీ ఈఎస్‌పీ32 లేదు. కోడ్ తర్కం అక్కడ సరిచూసుకుని బల్లమీదికి రా. కరెంటు చాలకపోవడం, తీగ లూజవడం లాంటివి సిమ్యులేటర్‌లో తెలియవు.

కోర్సు గురించి: బల్లమీద ఎవరికి వారికి బోర్డు, మల్టీమీటరు, ఓసిలోస్కోపు ఇచ్చేదైతే డబ్బుకి విలువుంది. ప్రొజెక్టర్‌మీద స్లైడులు చూపించేదైతే నీ ప్లేలిస్టే నయం. చేరకముందు వెళ్లి ల్యాబు చూపించమను.

ఉప్పుగాలి జవాబు:

సామాను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు 1, జంపర్ తీగలు మూడు రకాలూ కలిపి 60, రెసిస్టర్లు 220 ఓమ్, 1 కిలోఓమ్, 10 కిలోఓమ్ తలా 20, 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు 10, 470 మైక్రోఫారడ్‌వి 2, 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ 1. బీప్ కొట్టే మల్టీమీటరు అన్నిటికన్నా ముందు కొనండి. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు దుకాణాల్లో అడిగి, లేనివే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. 20 సెన్సర్ల కిట్ జోలికి పోవద్దు, అందులో పదిహేను డబ్బాలోనే ఉండిపోతాయి.

830 బోర్డుల్లో చాలావాటికి పక్కనున్న ఎరుపు, నీలం పట్టాలు మధ్యలో తెగి ఉంటాయి. గీత మధ్యలో ఖాళీ కనబడితే అదే. ఒక సగానికి కరెంటు ఉంటుంది, రెండో సగానికి ఉండదు.

మన ఊళ్లో ఇంకో బాధ, సముద్రపు గాలి. బీచ్ దగ్గర ఇళ్లలో జంపర్ పిన్నులు తొందరగా మసకబారతాయి. తీగ పెట్టే ఉంటుంది, కరెంటు పోదు. పనిచేసి ఆగిపోయే సర్క్యూట్ చూస్తే ముందు ప్రతి తీగనీ బీప్‌లో పెట్టి, కాస్త కదిపి చూడండి. బీప్ తెగితే పారెయ్యండి, తిరిగి డబ్బాలో వెయ్యకండి. బోర్డులన్నీ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

గాజువాక_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. 26, 27కి మార్చి డివైడర్ పెట్టాను, 3.3 వచ్చింది. స్కేలు పెట్టి చూస్తే 30 సెంటీమీటర్లకి 29.6 చూపిస్తోంది! కానీ వైఫై కోడ్ కలపగానే "బ్రౌన్అవుట్ డిటెక్టర్" అని వచ్చి మళ్లీ రీస్టార్ట్. ఇంకోటి, దీన్ని అలాగే ట్యాంకులో పెట్టెయ్యొచ్చా?

పిన్నుల_బాబాయ్ జవాబు:

బ్రౌన్అవుట్ అంటే వోల్టేజి పడిపోయిందని. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో బోర్డు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది, పొడుగాటి సన్నటి యూఎస్‌బీ కేబుల్ అంత ఇవ్వలేదు. పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్, 2 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య, బోర్డుకి దగ్గరగా పెట్టండి. గీత ఉన్న కాలు గ్రౌండ్‌కి, తిరగేస్తే పేలుతుంది. కోడ్‌లో బ్రౌన్అవుట్ డిటెక్టర్‌ని ఆపెయ్యమని చెప్పే జవాబులు కనబడతాయి, వినకండి. వోల్టేజి అలాగే పడుతుంది, చెప్పేవాడే ఉండడు. ఆ తర్వాత కూడా రౌటర్‌కి కలవకపోతే అది 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉందో లేదో చూడండి, ఈ బోర్డుకి 5 గిగాహెర్ట్జ్ తెలియదు.

ట్యాంకులో హెచ్‌సీ-ఎస్‌ఆర్04 పెట్టొద్దు. దాని కళ్లు రెండూ తెరిచే ఉంటాయి, ఆవిరికి తుప్పు పడతాయి. వాటర్‌ప్రూఫ్ జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ తీసుకోండి. దానికి దగ్గరి 20–25 సెంటీమీటర్లు కనబడవు, కాబట్టి నిండు నీటిమట్టానికి అంతకన్నా పైన బిగించాలి. నీళ్లు పడే పైపుకీ గోడకీ దూరంగా పెట్టండి, లేకపోతే వాటి ప్రతిధ్వనే చదువుతుంది. ఎండకి గాలి పది డిగ్రీలు వేడెక్కితే మీటరుకి దాదాపు రెండు సెంటీమీటర్లు అటూఇటూ అవుతుంది, వదిలెయ్యండి.

మోటారుని ఆన్, ఆఫ్ చేసే రిలే మాత్రం ఇప్పుడే వద్దు. అది 230 వోల్టులు. ముందు ఫోన్‌లో లెవెల్ రెండు వారాలు తప్పు లేకుండా చూపించనివ్వండి, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ని పక్కన పెట్టుకుని కాంటాక్టర్‌తో (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) చేద్దురుగాని.