రోటరీ ఇంజిన్‌ని నిజంగా సీలే ముంచిందా?

మెకానికల్_మూడో_ఏడు
మొన్న క్లాసులో సార్, పిస్టన్ బదులు మూడు మూలల రోటరు తిరిగే ఈ వాంకెల్ ఇంజిన్‌ని పది నిమిషాల్లో తేల్చేసి, "సీల్స్ అరిగిపోయేవి, అందుకే మూలన పడింది" అని తర్వాతి చాప్టర్‌కి వెళ్లిపోయారు. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్ లేదు, కిందకీ పైకీ కొట్టుకునే పిస్టన్ లేదు. ఇంత తేలికైన ఇంజిన్‌ని గ్యాసు కారకుండా రోటరు కొనకి పెట్టే ఒక్క సీలు చంపేసిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతబండి
మీ సార్ చెప్పింది సగం కథ తమ్ముడూ. 1957లో జర్మనీలో కార్ల కంపెనీ ఎన్‌ఎస్‌యూ వాళ్ల దగ్గర మొదటిది నడిచినప్పుడు లోపలి రోటరే కాదు, బయటి హౌసింగ్, అంటే గుల్ల కూడా తిరిగేది, స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే ఇంజిన్ విప్పాల్సిందే. అక్కడి ఇంజనీరు పాష్కే హౌసింగ్‌ని కదలకుండా బిగించేశాడు. పందెం గుర్రాన్ని దుక్కికి కట్టారని దీన్ని కనిపెట్టిన వాంకెల్ గింజుకున్నాడంటారు కానీ, ఇవాళ మనం చూసేది పాష్కే పద్ధతే. తర్వాత 1967లో వచ్చిన ఆర్‌ఓ 80 కారులో రోటరు కొనల సీల్స్ త్వరగా అరిగిపోయి, వారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి కంపెనీ నడుం విరిగింది.

తొమ్మిదివేల_ఆర్‌పీఎం
సీలు సంగతి జపాన్ కంపెనీ మాజ్దా తేల్చేసింది కదండీ! సీలు అదురుతూ హౌసింగ్ లోపల అలల్లా గీతలు పెట్టేది, వాళ్లు వాటిని దెయ్యం గోళ్ల గీతలు అనేవాళ్లు. యమమోటో, ఆయనతో ఉన్న ఇంజనీర్లు కుస్తీపట్టి కార్బన్, అల్యూమినియం కలిపి సీల్స్ చేశారు, 1967లో కాస్మో స్పోర్ట్ కారు వచ్చింది. 1991లో వాళ్ల నాలుగు రోటర్ల రేసు కారు 787బీ ఫ్రాన్స్‌లో లే మాన్ గెలిచింది. 24 గంటల రేసు అది, సీలు ఆగకపోతే గెలుస్తుందా?

పాతబండి
ఒప్పుకుంటున్నా. కానీ రేసు గెలిచినంత మాత్రాన పెట్రోలు ఖర్చు తగ్గదుగా. అసలు తిప్పలు పెట్రోలు కాలే ఆ గది ఆకారంలోనే ఉంది, పొడుగ్గా, పల్చగా, రోటరుతో పాటే జరుగుతూ ఉంటుంది. మంట అంచుల దాకా పోయేలోపే చల్లటి గోడలకి తగిలి ఆరిపోతుంది, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోతుంది. ఒకే గదికి రెండు ప్లగ్గులు పెట్టేది అందుకే. పైగా సీల్స్ కోసం వదిలే ఆయిలూ అందులోనే కాలుతుంది. 1973లో ఆయిల్ ధరలు మండేసరికి ఇదంతా భరించేదెవరు? అమెరికాలో జీఎం అంతటి కార్ల కంపెనీ కూడా రోటరీ కారు ఆలోచన పక్కన పెట్టేసింది.

మెకానికల్_మూడో_ఏడు
అయితే ఇక ఎక్కడా లేనట్టేనా అన్నా?

తొమ్మిదివేల_ఆర్‌పీఎం
ఉంది. 2023లో మాజ్దా ఎంఎక్స్-30 కారులో 830 సీసీ ఒంటి రోటరు పెట్టింది. చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీ చార్జ్ చేసే జనరేటర్‌గా. చిన్నగా ఉంటుంది, పెద్దగా అదరదు, ఆ పనికి సరిగ్గా సరిపోయింది. నాకైతే కాస్త బాధగానే ఉంది అనుకోండి.

పాతబండి
తమ్ముడూ, పరీక్షకి ఇదొక్కటి గుర్తుపెట్టుకో. రోటరు ఒక్క చుట్టు తిరిగేలోపు, అది తిప్పే ఇంజిన్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అందరూ తిరగేసి రాసేది అక్కడే.