పెరటి చెట్టు మందుకి పనికిరాదా? రేంజర్స్ బుల్‌పెన్, కుమార్ రాకర్ మీద చర్చ

ఫ్రిస్కో_సీజన్_టికెట్:
అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో బేస్‌బాల్ చూసేవాళ్ళు పెరుగుతున్నారు, అందుకే ఈ చర్చ తెలుగులోనే మొదలుపెడుతున్నాను. టెక్సాస్ రేంజర్స్ తన రిలీఫ్ పిచర్లని (మ్యాచ్ మొదలుపెట్టిన స్టార్టర్ తర్వాత వచ్చి బంతి వేసేవాళ్ళని) ఫార్మ్ సిస్టమ్‌లో, అంటే తన కింది స్థాయి జట్లలో, పెంచుకోవాలా, లేక ఏటా బయటనుంచి కొనుక్కుంటే సరిపోతుందా? దీనికి తోకగా ఇంకో ప్రశ్న ఉంది. మన యువ పిచర్ కుమార్ రాకర్‌ని స్టార్టర్‌గానే ఉంచాలా, బుల్‌పెన్‌కి, అంటే ఆ రిలీఫ్ పిచర్ల గుంపులోకి, మార్చాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. పెంచుకోవాలి. 2025లో మన బుల్‌పెన్ చూడండి. క్రిస్ మార్టిన్, హోబీ మిల్నర్, జేకబ్ వెబ్, షాన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ల్యూక్ జాక్సన్, అందరూ బయటినుంచి తెచ్చుకున్నవాళ్ళే. అది చాలక జూలైలో ఫిల్ మేటన్, డానీ కులోంబ్. సీజన్ అయ్యేసరికి వాళ్ళలో చాలామంది ఒప్పందాలు కూడా అయిపోయాయి. అంటే మళ్ళీ అంగడికి వెళ్ళాలి. ఏటా అద్దె ఇల్లు మారినట్టుంది మన బుల్‌పెన్ పరిస్థితి.

ఫ్రిస్కోలో ఆడేది మన డబుల్-ఏ జట్టు, పై జట్టుకి రెండు మెట్లు కింద. రైడర్స్ ఫీల్డ్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ రిలీవర్లు చేయి వేడెక్కించుకునే చోటు, దాన్నీ బుల్‌పెన్ అనే అంటారు, జనం సీట్ల మధ్యలోనే ఉంటుంది. పోయిన వేసవిలో మా అబ్బాయీ నేనూ దాని పక్కనే కూర్చున్నాం. పిచర్‌ని పిలిచే ఫోన్ మోగింది. ఒక కుర్రాడు జాకెట్ తీసి పక్కన పడేశాడు. మొదటి నాలుగైదు బంతులు ఊరికే అలా విసిరాడు. తర్వాత క్యాచర్ కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది గ్లవ్ చప్పుడు, కొబ్బరికాయ కొట్టినట్టు. రెండు బంతులు నేలకి తగిలి పక్కకి పోయాయి. క్యాచర్ ఏమీ అనలేదు, కొత్త బంతి అందుకుని విసిరాడు. కుర్రాడు అరచేయి ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఇద్దరు రన్నర్లు బేసుల మీద ఉండగా లోపలికి వెళ్ళాడు. ఆ ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు కూడా రాలేదు. ఇలాంటి కుర్రాళ్ళు మన చేతిలో ఉండగా 35 దాటినవాళ్ళ వెంట ఎందుకు పరిగెడుతున్నామో నాకు అర్థం కాదు.

ఆర్లింగ్టన్98:
అన్నా, ప్రేమతో రాశారు, కానీ లెక్క ఒప్పుకోదు. మీరు అద్దె ఇల్లు అన్న ఆ బుల్‌పెన్ ఉన్న 2025లోనే మొత్తం 30 జట్లలో అతి తక్కువ ఈఆర్ఏ మనది. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున అందరికంటే తక్కువ పరుగులిచ్చింది మన పిచింగే. స్టార్టర్ల గొప్పతనం చాలా ఉంది, కానీ బుల్‌పెన్ చెడిపోయి ఉంటే ఆ అంకె వచ్చేదా? 81 గెలుపులు, 81 ఓటములతో ఆగిపోయామంటే అది బ్యాటింగ్ పుణ్యం.

రిలీఫ్ పిచర్ అంటే ఏడాదికి 60, 65 ఇన్నింగ్స్ వేసేవాడు. అంత తక్కువలో ఎవరు ఏ ఏడాది ఎలా వేస్తారో ఎవరూ చెప్పలేరు. 2024లో కర్బీ యేట్స్‌ని 45 లక్షల డాలర్లకి తెచ్చాం. 34 అవకాశాల్లో 33 సేవ్‌లు, అంటే అన్నిసార్లు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాడు, ఈఆర్ఏ 1.17. మరుసటి ఏడాది డాడ్జర్స్ అతనికి కోటీ 30 లక్షల డాలర్లిచ్చారు, ఈఆర్ఏ 5.23కి పోయింది. ఇంత నిలకడ లేని పంటకి ఐదేళ్ళు నీళ్ళు పోసి పెంచడమెందుకు? పండినప్పుడు బజార్లో కొనుక్కుంటే పోలా?

ఇంకొకటి. 2023లో మనం వరల్డ్ సిరీస్ కప్పు గెలిచింది రిలీవర్ చాప్‌మన్‌ని కొనే కదా. లెక్లెర్క్ కూడా బయటివాడే.

లెక్కల_మాస్టారు:
ఒక సవరణ. హోసే లెక్లెర్క్ బయటివాడు కాదు. 2010 చివర్లో డొమినికన్ రిపబ్లిక్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడే రేంజర్స్ సంతకం చేయించుకున్నారు. ఆరేళ్ళు కింద ఆడాక 2016లో పైకి వచ్చాడు.

అతన్ని గుర్తు చేశారు కాబట్టి 2023 అక్టోబర్ 20 రాత్రి కూడా గుర్తు చేస్తాను. ఆర్లింగ్టన్‌లో, హ్యూస్టన్‌తో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఐదో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. వాళ్ళ బ్యాటర్ అల్తూవే మూడు పరుగుల హోమర్ కొట్టింది లెక్లెర్క్ బౌలింగ్‌లోనే. మ్యాచ్ పోయింది, మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. రెండు రోజుల తర్వాత హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్. 4-2 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్. అప్పటి మేనేజర్ బోచీ మళ్ళీ లెక్లెర్క్‌నే పిలిచాడు. మూడు బేసులూ నిండి, ఇద్దరు ఔటై ఉండగా వాళ్ళ బ్యాటర్ సింగిల్టన్ స్ట్రయికౌట్. ఆ పైన మన బ్యాటర్ గార్సియా గ్రాండ్‌స్లామ్, అంటే నాలుగు పరుగుల హోమర్, సంగతి మీ అందరికీ తెలిసిందే. పదమూడేళ్ళుగా ఆ మనిషిని చూస్తున్న సంస్థ కాబట్టే మళ్ళీ బంతి చేతికివ్వగలిగిందని నా నమ్మకం. దీన్ని అంకెల్లో రుజువు చేయలేను.

కానీ ఆర్లింగ్టన్ తమ్ముడి మాటలో కూడా సగం నిజముంది. ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో మనకి 30 సేవ్‌లు, 33 బ్లోన్ సేవ్‌లు. నిలబెట్టినవాటికంటే పోగొట్టుకున్నవే ఎక్కువ! అయినా కప్పు వచ్చింది.

ఫ్రిస్కో_సీజన్_టికెట్:
తమ్ముడూ, చాప్‌మన్‌కి మనం ఏమిచ్చామో కూడా చెప్పాలి కదా. 2023 జూన్ 30న కాన్సస్ సిటీకి కోల్ రేగన్స్‌ని ఇచ్చేశాం. 2016 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) మన మొదటి రౌండ్ ఎంపిక, మోచేతికి రెండుసార్లు టామీ జాన్ ఆపరేషన్ అయి తిరిగొచ్చినవాడు. ఆ బాధంతా మన దగ్గరే పడ్డాడు, ఫలం కాన్సస్ సిటీ రాయల్స్ తిన్నారు. 2024లో ఆల్-స్టార్, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో నాలుగో స్థానం. చాప్‌మన్ ఆ సీజన్ అవగానే పిట్స్‌బర్గ్ వెళ్ళిపోయాడు.

రిలీవర్ ఇమ్మాన్యుయెల్ క్లాసే సంగతి ఇంకా బాధ. 2019లో ఇక్కడే, ఫ్రిస్కోలో వేసేవాడు. ఇక్కడినుంచే ఆగస్టులో నేరుగా పై జట్టుకి వెళ్ళాడు. డిసెంబర్లో స్టార్టర్ కోరీ క్లూబర్ కోసం క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేశాం. క్లూబర్ మనకి వేసింది ఎంత? ఒకే ఒక్క ఇన్నింగ్స్. క్లాసే 2022, 2023, 2024 మూడేళ్ళూ అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ సేవ్‌లు చేశాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదనుకున్నది మనం, వాడుకున్నది పక్కింటివాళ్ళు.

ఆర్లింగ్టన్98:
రేగన్స్‌ని ఇచ్చినందుకు నేనొక్క రోజు కూడా బాధపడలేదన్నా. 2023 నవంబర్ 1న ఫీనిక్స్‌లో మన రిలీవర్ స్బోర్జ్ వరల్డ్ సిరీస్ చివరి స్ట్రయిక్ వేసినప్పుడు మా నాన్నగారు గుంటూరు నుంచి ఫోన్‌లో ఉన్నారు. అక్కడ పొద్దున్న, ఇక్కడ రాత్రి. ఆటలో ఓనమాలు తెలియకపోయినా నా అరుపు విని ఏడ్చారు. ఆ రాత్రి కోసం ఇంకో రేగన్స్‌ని అడిగినా ఇచ్చేస్తాను. ఆ స్బోర్జ్ కూడా 2021లో డాడ్జర్స్ నుంచి తెచ్చుకున్నవాడే. సీజన్‌లో ఈఆర్ఏ 5.50, పోస్ట్‌సీజన్‌లో 0.75. రిలీవర్లంటే ఇంతే. ముందే ఎవరు ఊహించగలరు?

క్రికెట్_నుంచి_వచ్చా:
రెండేళ్ళ నుంచే చూస్తున్నాను, తప్పయితే దిద్దండి. మన ఐపీఎల్‌లో డెత్ ఓవర్ల బౌలర్ ఇద్దరుంటే పని జరిగిపోతుంది. ఇక్కడ చివరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్ ఒకడు, వాడికి ముందు ఇంకొకడు బాగుంటే చాలదా? కింద అంత మంది ఎందుకు?

లెక్కల_మాస్టారు:
మంచి ప్రశ్న బాబూ, అసలు చర్చ ఇక్కడే ఉంది. క్రికెట్‌లో బౌలర్ రెండు ఓవర్లు వేసి ఫీల్డింగ్‌కి వెళ్ళి, మళ్ళీ వచ్చి వేయొచ్చు. ఇక్కడ ఒకసారి మార్చేస్తే ఆ రోజుకి ఇక రాడు. పైగా సీజన్‌కి 162 మ్యాచ్‌లు, దాదాపు రోజూ ఆట. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు పోతే మిగిలేది ఎనిమిది మంది. ఒక మ్యాచ్ తొమ్మిదికి బదులు 13 ఇన్నింగ్స్ సాగితే మరుసటి రోజుకి వాళ్ళలో నలుగురికి చేయి లేవదు.

అప్పుడు పై జట్టుకి ఒక్క మెట్టు కింద, రౌండ్ రాక్‌లో ఆడే మన ట్రిపుల్-ఏ జట్టు నుంచి కొత్త చేతిని పిలవాలి. పిలవాలంటే పైనున్న ఒకడిని కిందికి పంపాలి. అందుకు వాడికి ఆప్షన్ మిగిలి ఉండాలి, అంటే జట్టు వాడిని వదులుకోకుండా కిందికి పంపే హక్కు. మామూలుగా ఒక్కో ఆటగాడికి మూడు సీజన్ల ఆప్షన్లుంటాయి, ఒక సీజన్‌లో ఐదుసార్లకి మించి పంపకూడదు. వెళ్ళిన పిచర్, పైన ఎవరికైనా గాయమైతే తప్ప, 15 రోజులు అక్కడే ఉండాలి. ఐదేళ్ళ సర్వీసు నిండిన సీనియర్ అయితే పోనని చెప్పొచ్చు.

కొనుక్కున్న బుల్‌పెన్‌కి అసలు జబ్బు ఇదే. ఎనిమిది మందిలో ఆరుగురు కదలని సీనియర్లయితే, అలసిపోయినవాడిని మార్చాలంటే వదులుకోవడం తప్ప దారి లేదు. నా దృష్టిలో క్లోజర్ ఎవరన్నది చిన్న విషయం. తొమ్మిదో వాడు, పదో వాడు, పదకొండో వాడు ఎవరన్నదే పెద్ద విషయం. 2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగింది. అన్ని కోట్లు పోసిన డాడ్జర్స్ చివరికి ఎవరి మీద ఆధారపడ్డారు? ఏడాదిలో చాలాభాగం ట్రిపుల్-ఏలో గడిపిన విల్ క్లైన్ మీద. నాలుగు ఇన్నింగ్స్, 72 బంతులు, ఒక్క పరుగు ఇవ్వలేదు. అతనూ డాడ్జర్స్ పెంచినవాడు కాదు, జూన్‌లో సియాటిల్ నుంచి వచ్చాడు. కాబట్టి ఎక్కడ పుట్టాడన్నది నాకు అనవసరం, పిలిస్తే వచ్చేలా కింద ఉన్నాడా లేడా అన్నదే కావాలి.

క్లీవ్‌లాండ్_తెలుగు:
మీ జట్టు గొడవలో దూరుతున్నాను, క్షమించండి. క్లాసే పేరు వచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను. 2025 జూలైలో బెట్టింగ్ విచారణ కారణంగా క్లాసేని లీగ్ సెలవులో పెట్టింది. ఆ కేసు తేలేది కోర్టులో, దాని గురించి నేనేమీ అనను. మా ఊళ్ళో అందరం సీజన్ అయిపోయిందనుకున్నాం. ఆ స్థానంలోకి కేడ్ స్మిత్ వచ్చాడు. 2020లో ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోని కుర్రాడతను, మావాళ్ళు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. ఒకప్పుడు 15న్నర మ్యాచ్‌లు వెనకబడిన జట్టు డివిజన్ గెలిచింది. మా మిగతా రిలీవర్లలో గాడిస్ డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్, హెరిన్ 29వ రౌండ్. డబ్బులేని జట్టుకి ఇదొక్కటే దారి, మీకు డబ్బుంది కాబట్టి వేరే దారి కూడా కనబడుతోంది.

రౌండ్‌రాక్_అక్క:
రాకర్ గురించి ఎవరూ మాట్లాడరేం? అసలు నేను వచ్చిందే దానికోసం.

వాళ్ళమ్మ లలిత గారు భారతీయ కుటుంబంలో పుట్టిన ఆవిడ. కుమార్ అన్న పేరు జెర్సీ వెనకాల చూసినప్పుడు నాకెంత సంతోషమో చెప్పలేను. మా పాప ఆ జెర్సీ వేసుకునే పడుకుంటుంది. అయినా చెబుతున్నాను, అతన్ని ఈ ఏడాదే బుల్‌పెన్‌కి మార్చాలి. 2022 డ్రాఫ్ట్‌లో మూడో పిక్. మరుసటి ఏడాది టామీ జాన్ ఆపరేషన్. 2025లో 14 స్టార్ట్‌లు, ఈఆర్ఏ 5.74, మళ్ళీ మా ఊరికే పంపారు. పక్కకి వంగే ఆ స్లైడర్ మాత్రం దేవుడిచ్చిన బంతి. ఒక ఇన్నింగ్స్‌కి దాన్ని ఎవరూ తట్టుకోలేరు. కానీ లెఫ్ట్ హ్యాండర్లకి వేయడానికి నమ్మకమైన మూడో బంతి ఇంకా కుదరలేదు. అదే బ్యాటర్ మూడోసారి ఎదురొచ్చేసరికి దొరికిపోతున్నాడు. ఆపరేషన్ అయిన చేతిని ఐదారు ఇన్నింగ్స్ లాగించి మళ్ళీ పాడు చేసుకోవడం దేనికి?

లెక్కల_మాస్టారు:
అక్కయ్యా, మీరు చూసిన జబ్బు నిజమే, చెప్పిన మందే తొందరపాటు. రిలీఫ్ పిచర్లు రిలీఫ్ పిచర్లుగా పుట్టరు, ఎక్కువమంది స్టార్టర్లుగా ఓడిపోయాక తయారవుతారు. కోల్ విన్‌ని చూడండి. 2018 మొదటి రౌండ్. రౌండ్ రాక్‌లో స్టార్టర్‌గా ఈఆర్ఏ 6 పైనే, అందరూ ఆశ వదిలేశారు. బుల్‌పెన్‌కి మార్చాక 2025లో 2 లోపే. జేకబ్ లాట్జ్ 2017 డ్రాఫ్ట్, 2025లో రెండు పనులూ చేశాడు. ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అటు వెళ్ళినవాడు తిరిగి స్టార్టర్ కావడమే అరుదు. మన కుర్రాడు టియోడో 2024లో ఫ్రిస్కోలో స్టార్టర్‌గా ఎంత బాగా వేశాడు! 2025లో బుల్‌పెన్‌కి మార్చారు, అనుకున్నంత సులువుగా కుదరలేదు. మారిస్తే చాలు బాగుపడతాడన్న హామీ ఎక్కడా లేదు.

ఆర్లింగ్టన్98:
ఇక్కడ మాత్రం నేను అక్కతోనే. మాస్టారూ, రాకర్ 2026 చివరికి 27లో పడతాడు. ఇంకా ఎన్నాళ్ళు?

ఫ్రిస్కో_సీజన్_టికెట్:
మాస్టారి మాటతో నా వాదన కొంచెం మార్చుకుంటున్నాను. ఫ్రిస్కో బుల్‌పెన్‌లో నేను చూసిన కుర్రాడి గురించే ఆలోచించాను గానీ, రేపటి రిలీవర్ ఇవాళ్టి స్టార్టర్లలోనే ఉన్నాడన్నది నాకు తట్టలేదు. అలా చూస్తే 2025 జూలై 31 ఇంకా ఎక్కువ బాధిస్తోంది. స్టార్టర్ మెరిల్ కెల్లీ కోసం కోల్ డ్రేక్, మిచ్ బ్రాట్, డేవిడ్ హేగమన్, ముగ్గురు యువ పిచర్లని ఆరిజోనాకి ఇచ్చాం. డ్రేక్, బ్రాట్ ఇద్దరూ ఫ్రిస్కోలో ఆడినవాళ్ళే, బ్రాట్ బంతి మీద మా వాడు సంతకం కూడా చేయించుకున్నాడు. మనం ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు. కెల్లీ సీజన్ అవగానే మళ్ళీ ఆరిజోనాకే వెళ్ళిపోయాడు. ముగ్గురిలో ఒక్కడు స్టార్టరై, మిగతా ఇద్దరూ విన్ లాగా మారినా మూడేళ్ళ బుల్‌పెన్ వాళ్ళ దగ్గరుంది.

తమ్ముడూ, 2023 విషయంలో నీతో వాదించను. కప్పు అందేంత దూరంలో ఉన్నప్పుడు ఇవ్వాల్సిందే. 2025లో మనం ఆ దూరంలో లేము.

రాకర్‌కి జూన్ నెలాఖరు దాకా స్టార్టర్‌గానే అవకాశమివ్వాలి, పైనైనా కిందైనా. అప్పటికీ లెఫ్ట్ హ్యాండర్లు అలాగే కొడుతుంటే బుల్‌పెన్‌కి. ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్ డెడ్‌లైన్‌కి నెల ముందే తెలిసిపోతుంది కాబట్టి ఇంకో రిలీవర్ కోసం ఇంకో కుర్రాడిని ఇచ్చే పని కూడా తప్పుతుంది.

రౌండ్‌రాక్_అక్క:
జూన్ అంటే నాకు సమ్మతమే. కానీ ఒక షరతు. మార్చాలనుకుంటే ముందు ఇక్కడ, రౌండ్ రాక్‌లో మూడు వారాలు అలవాటు చేయాలి. ఐదు రోజులకోసారి వేసిన చేతికి వరసగా రెండు రాత్రులు వేయడం రాదు. పోయిన ఏడాది మా పక్క సీటాయన, పాతికేళ్ళుగా చూస్తున్న పెద్దాయన, ఒక పిచర్‌ని చూపించి అన్నాడు: "వీడికి చేయి నొప్పి లేదు, ఎప్పుడు పిలుస్తారో తెలియని టెన్షన్ నొప్పి." ఆ కుర్రాడు మూడో ఇన్నింగ్స్ నుంచీ లేచి నడుస్తూనే ఉన్నాడు. ఆ రాత్రి ఫోన్ మోగనే లేదు.