దీవి రోడ్లకు కొత్త: లోపలి దారుల్లో దిక్కు తప్పకుండా ఎలా?

నమస్కారమండీ. తీరం వెంట చుట్టూ ఒకే రోడ్డు, మధ్యలో కొండ, అక్కడక్కడా లోపలికి చీలే సన్నటి దారులు. ఇలాంటి దీవిలో కొత్తగా కారు నడిపేవాళ్లకి అనుభవజ్ఞుల సలహా కావాలి.

దీవి మ్యాప్ మొత్తం ముందే ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది. సవ్యదిశలో చుట్టి వస్తుంటే సముద్రం ఎడమ పక్కనే ఉండాలి. కుడికి మారిందంటే ఎక్కడో వెనక్కి తిరిగినట్టే. అంతవరకు సులువే. చిక్కంతా లోపలి దారుల్లోనే. సముద్రం కనపడదు, మలుపు మలుపుకీ దిక్కు మారుతుంది, పైగా దగ్గరి దారంటూ మ్యాప్ ట్రాక్టర్ బాటలోకి పంపేస్తుంది. నడుమ గడ్డి మొలిచి, రెండు పక్కలా చక్రాల జాడలు మాత్రమే కనిపిస్తే అక్కడే ఆగిపోవడం మంచిది. ముందుకెళితే కారు తిప్పే చోటుండదు. అలాంటి బాటల్ని బయల్దేరకముందే, ఉపగ్రహ చిత్రంలో ఏ గుర్తుల్ని బట్టి పోల్చుకుంటారు?

ఒక్క బండే పట్టే ఎత్తులో ఎదురుపడితే, ఎక్కే బండికి దిగేది దారివ్వడం వాడుక. కానీ తప్పుకునే చోటు ఎక్కే బండికే దగ్గరైతే ఎవరు వెనక్కి వెళ్లాలి? దిగుడులో రెండో గేరు వేయకుండా బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఆటోమేటిక్ కార్లలో మీరు ఏం చేస్తారు?

పోటుకు మునిగే దారి విషయమే అన్నిటికన్నా భయం. ఆటుపోట్ల వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. తీరం వైపు గాలి బలంగా ఉన్న రోజు, పట్టికలోని వేళకి ఎంత ముందే దాటేస్తారు?