బడి సాకర్ జట్టు గెలిస్తే చట్టసభ తీర్మానం చేయాలా?

డల్లాస్ తల్లి
మా అబ్బాయి చదివే హైస్కూలు సాకర్ (ఫుట్‌బాల్) జట్టు ఈ ఏప్రిల్‌లో టెక్సస్ రాష్ట్ర ఛాంపియన్ అయింది. రాజధాని ఆస్టిన్‌లో రాష్ట్ర ప్రతినిధుల సభ జట్టును అభినందిస్తూ తీర్మానం చేసి, ముద్ర వేసిన ప్రతిని బడికి పంపింది. వరండాలోని అద్దాల బీరువాలో పెట్టారు. నిన్న దాని ముందు నిలబడి ఒక్కొక్క పేరూ చదివాను. 19 పేర్లున్నాయి. జట్టులో ఉన్నది 22 మంది. మా వాడి పేరు లేదు.

సీజన్ మొత్తం కలిపినా వాడు ఆడింది 40 నిమిషాలకు మించదు. కానీ జనవరి చలిలో పొద్దున్నే సాధనకు వెళ్లని రోజు లేదు. "పర్వాలేదులే అమ్మా" అన్నాడు, అంతే. అసలు చట్టసభకు ఈ పని ఎందుకని వాళ్ల నాన్న అడుగుతున్నారు. ఇలాంటి గుర్తింపు ఉండాలనీ, అందరి పేర్లతో ఉండాలనీ నా అభిప్రాయం. మీరేమంటారు?

ఆస్టిన్ ఇంజనీరు
అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా నేను మీవారి పక్షమే. టెక్సస్ శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో మాత్రమే, అదీ 140 రోజులే. బడుల నిధులు, నీళ్లు, ఆస్తి పన్ను అన్నీ ఆ గడువులోనే తేలాలి. సాకర్ ఫైనల్స్ సరిగ్గా ఆ రోజుల మధ్యలోనే వస్తాయి. తీర్మానం రాసేది సభ్యుడి సిబ్బంది, పిల్లల పక్కన ఫోటో దిగేది సభ్యుడు. ఆ ఫోటో మళ్లీ ఎన్నికల కరపత్రంలో కనిపిస్తుంది. పిల్లల చెమటను ఇలా వాడుకోవడం నాకు నచ్చదు.

హ్యూస్టన్ నాన్న
సభ సమయం పోతుందన్న మాట నిలవదు. అభినందన, సంతాప తీర్మానాలకు ప్రతినిధుల సభలో వేరే జాబితా ఉంటుంది. చాలావాటిని కలిపి ఒకేసారి ఆమోదిస్తారు. పైగా ఇక్కడ బడి ఆటలు నడిపే యూఐఎల్ నిబంధనల ప్రకారం, ఆడినందుకు విలువైన కానుకలు తీసుకుంటే పిల్లల అర్హతకే ముప్పు. వాళ్లకు మిగిలేది గౌరవం ఒక్కటే. దాన్ని కూడా లెక్క చూసి ఇస్తామా?

మెయిన్ రాష్ట్రవాసి
మా రాష్ట్రంలోని లూయిస్టన్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆండ్రోస్కాగిన్ నది ఒడ్డున ఒకప్పుడు బట్టల మిల్లులతో బతికిన ఊరు. మిల్లులు మూతపడ్డాక జనం తగ్గారు. 2001 నుంచి సోమాలీ శరణార్థులు రావడం మొదలైంది. 2002 అక్టోబరులో అప్పటి మేయర్ సోమాలీ పెద్దలకు బహిరంగ లేఖ రాశారు. ఊరి శక్తి అయిపోయింది, ఇక మీవాళ్ల రాక తగ్గించండి అన్నది దాని సారం. 2003 జనవరిలో జాత్యహంకారులు అక్కడ సభ పెడితే, దానికి వ్యతిరేకంగా వేలమంది గుమిగూడారు.

ఆ వలస కుటుంబాల పిల్లలే ఎక్కువగా ఉన్న లూయిస్టన్ హైస్కూలు జట్టు 2015లో ఒక్క ఆట ఓడకుండా ఫైనల్‌కు వచ్చింది. నవంబరు 7న స్కార్‌బరో జట్టును 1-0తో ఓడించింది. ఆ సీజన్‌లో వాళ్లు కొట్టిన గోల్స్ 113, ప్రత్యర్థులకు ఇచ్చినవి 7. కోచ్ మైక్ మెక్‌గ్రా మూడు దశాబ్దాలకు పైగా ఎదురుచూసిన మొదటి రాష్ట్ర టైటిల్ అది. ఆ జట్టులో ఒక కుర్రాడు, బంతి పక్క గీత దాటి బయటికి పోయినప్పుడు, రెండు చేతులా పట్టుకుని పరుగెత్తుకొచ్చి, దాన్ని నేలకు ఆనించి పల్టీ కొట్టి, లేస్తూనే విసిరేవాడు. గీత బయటినుంచి బంతి గోల్ ముందుకు వెళ్లి పడేది. నేరుగా లోపలికి పోతే గోల్ ఇవ్వరు, ఎవరో ఒకరికి తగలాలి. ఆ తగిలించేవాడు ఎక్కడ నిలబడాలో వాళ్లకు మాటలు లేకుండానే తెలిసేది. "పమోజా ఎన్దుగు", అంటే స్వాహిలీలో అన్నదమ్ములంతా కలిసి అని, అదే వాళ్ల నినాదం.

మీరు రావద్దు అన్న మాట అధికార హోదాలోనే వచ్చింది. మీరు మావాళ్లు అన్న మాట కూడా అధికార ముద్రతోనే రావాలి. చప్పట్లు ఆ సాయంత్రంతో ఆగిపోతాయి, ముద్ర వేసిన కాగితం ఉంటుంది.

ఆస్టిన్ ఇంజనీరు
మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ నా సందేహం ఇంకా బలపడింది. అదే లూయిస్టన్ అంతకు ముందు ఏడాది, 2014లో, ఫైనల్‌లో షెవెరస్ అనే బడి జట్టు చేతిలో ఓడింది. చాలామంది ఆ పిల్లలే. ఆ ఏడు వాళ్లు మనవాళ్లు కారా? గెలిచాకే మావాళ్లు అనే ఊరి ప్రేమకు నేను తలవంచలేను.

మెయిన్ రాష్ట్రవాసి
దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. 2014 జట్టుకూ తీర్మానం చేసి ఉండాల్సింది అంటాను.

వరంగల్ వ్యాయామ ఉపాధ్యాయుడు
మీరంతా గౌరవం గురించి మాట్లాడుతున్నారు, మా దగ్గర కాగితమే పిల్లవాడి బతుకు. 1960లో ఢిల్లీలో మొదలైన బడుల ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్‌కు వెళ్లాలన్నా, క్రీడా కోటాలో సీటు అడగాలన్నా ముందు చూసేది పేరు. ఒకసారి మా బడి జట్టు రాష్ట్రస్థాయిలో రెండో స్థానం తెచ్చింది. ఒక పిల్లవాడి ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడింది. పదో తరగతి మెమోతో సరిపోలేదని కౌన్సెలింగ్‌లో పక్కన నిలబెట్టారు. దిద్దించడానికి మూడుసార్లు హైదరాబాదు బస్సెక్కాను. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ కూడా హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారే. నేటి పిల్లల్లో ఎంతమందికి ఆయన తెలుసు?

తల్లీ, ఆ 19 పేర్ల జాబితా ఎవరు పంపారో కనుక్కోండి. తప్పు సభలో జరిగి ఉండదు.

డల్లాస్ తల్లి
మాస్టారూ, మీరన్నట్టే అయింది. ఫైనల్ రోజు ఇచ్చిన ఆటగాళ్ల పట్టికనే బడివాళ్లు పంపారట. సమావేశాలు ముగిశాయి కాబట్టి ఇప్పుడు మార్చలేమని సభ్యుడి కార్యాలయం చెప్పింది. 22 పేర్లతో బడి తరఫున ఇంకో కాగితం రాసి తీర్మానం పక్కనే పెడతామని కోచ్ మాట ఇచ్చారు.

ఈ ఉదయం మా వాడు ఆ జాబితా చిత్తుప్రతి చూడ్డానికి గంట ముందే వెళ్లాడు. తన పేరు కోసం కాదు. మిగిలిపోయిన ముగ్గురిలో ఒకడు హోండురాస్ నుంచి వచ్చాడు, అతనికి తండ్రివైపుదీ తల్లివైపుదీ రెండు ఇంటిపేర్లు. చిత్తులో ఒకటే ఉందట. రెండోది వీడే పెన్నుతో రాసి వచ్చాడు.